మూడు సగం నిజాలు: హైదరాబాద్ నుంచి వెచ్చటి స్పానిష్ దేశానికి వెళ్లాలంటే

మా అక్కాబావల పెళ్లయి ఈ డిసెంబర్‌కి పాతికేళ్లు. దుబాయ్, సింగపూర్ చూసేశాం, ఈసారి ఇంకెక్కడికైనా దూరం పోదామంది అక్క. ఏడాదిగా ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్న మేనకోడలు, ఆ భాష మాట్లాడే దేశమైతేనే వస్తానంది. బావకి చలి పడదు. స్వెటర్ వేసుకునే ఊరైతే మీరే పోయి రండి అన్నాడు. అలా మా ఇంటి వాట్సాప్ గ్రూపులో "వెచ్చటి స్పానిష్ దేశం" అనే మాట పుట్టింది. గంట తిరక్కుండా సలహాలు.

"స్పెయినే పోదాం, ఎండ మస్తుంటది" అన్నాడు బావ. "మెక్సికోకి అమెరికా వీసా ఉంటే చాలు, వేరే ఏమీ అక్కర్లేదు" అని టెక్సస్ నుంచి మా పెదనాన్న కొడుకు. "కొలంబియా వైపు మాత్రం పోకండి, తిరిగొచ్చాక శంషాబాద్‌లోనే ఆరు రోజులు లోపలేస్తారంట" అని అక్క తోటికోడలు.

మూడింట్లోనూ నిజం ఉంది, సగం మేరకు. మిగతా సగం ఎక్కడుందో వెతికే పని నా మీద పడింది. వెతుకుతుంటే తెలిసిందేమిటంటే, ఇలాంటి ప్రయాణంలో దేశం ఎంచుకోవడం చివరి పని. అంతకుముందే పాస్‌పోర్టులో ఉన్న స్టాంపులు, వెళ్లే ఊరి ఎత్తు, క్యాలెండర్ కలిసి సగం దేశాలను కొట్టేస్తాయి.

ఇరవై దేశాలు, ఒక భాష

స్పానిష్ అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశాలు 20. యూరప్‌లో స్పెయిన్, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ. మిగతా 18 అట్లాంటిక్ అవతల ఉన్నాయి: మెక్సికో, మధ్య అమెరికాలో గ్వాటెమాలా నుంచి పనామా దాకా ఆరు, కరీబియన్ సముద్రంలో క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, దక్షిణ అమెరికాలో తొమ్మిది. బ్రెజిల్ ఈ లెక్కలోకి రాదు, అక్కడిది పోర్చుగీసు. ప్యూర్టోరికోలో వీధి నిండా స్పానిషే వినిపిస్తుంది గానీ అది అమెరికా భూభాగం, అమెరికా వీసా కావాల్సిందే.

దూరం గురించి ఒక్క మాట. స్పెయిన్‌కీ మనకీ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మెక్సికో నగరానికైతే పదకొండున్నర. ఇక్కడ మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. వారం రోజుల సెలవు పెట్టుకుని మెక్సికో వెళ్లేవాళ్లు, అందులో మూడు రోజులు విమానాలకీ నిద్రకీ పోతాయని ముందే రాసుకోవాలి.

వెచ్చదనాన్ని పటంలో వెతికితే దొరకదు, ఎత్తులో దొరుకుతుంది

మ్యాపులో కిందకి పోయేకొద్దీ వేడి, పైకి పోయేకొద్దీ చలి అని బడిలో చదువుకున్నాం. అబద్ధం కాదు, కానీ స్పానిష్ దేశాల దగ్గర ఆ ఒక్క సూత్రం పట్టుకుంటే బోల్తా పడతాం.

ముందు బావ మాట చూద్దాం. మాడ్రిడ్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే దాదాపు బీజింగ్‌కి సమానంగా. పైగా సముద్రానికి దూరంగా, 650 మీటర్ల పీఠభూమి మీద. జూలైలో మధ్యాహ్నాలు 32, 33 డిగ్రీలు మామూలు. దక్షిణాన సెవిల్లాలో 36 దాటుతుంది. స్పెయిన్ అంటే ఎండ అనే పేరు ఈ వేసవి నుంచి వచ్చిందే. జనవరిలో అదే మాడ్రిడ్‌లో పగటి వేడి పది డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, రాత్రి సున్నా వైపు జారుతుంది. డిసెంబర్‌లో బావని అక్కడికి తీసుకెళ్తే పాతికేళ్ల కాపురం మాటేమో గానీ ఆ వారం మాత్రం గట్టెక్కదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. విశాఖ బీచ్‌లో చెమటలు కక్కుకుంటూ రైలెక్కి, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న అరకులో దిగి శాలువా వెతుక్కున్నవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. వెయ్యి మీటర్లు పైకెక్కితే దాదాపు ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్క కొలంబియాకి పట్టిద్దాం. సముద్రం ఒడ్డున ఉన్న కార్తహేనాలో ఏడాదంతా సగటున 28 డిగ్రీలు అనుకోండి. రాజధాని బొగొటా 2,640 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి 13 నుంచి 16 డిగ్రీలు తీసేయాలి. మిగిలేది 12 నుంచి 15. బొగొటా అసలు సగటు 14. కార్తహేనా కన్నా బొగొటాయే భూమధ్యరేఖకి దగ్గర, అయినా చలి అక్కడే. మధ్యలో 1,500 మీటర్ల దగ్గర మెదెయిన్ నగరం ఉంది. ఏ నెలలో పోయినా మన నవంబర్ సాయంత్రంలా ఉంటుందని దాన్ని నిత్య వసంత నగరం అంటారు.

అక్కడివాళ్లు నేలని ఎప్పుడో ఇలా విడదీసుకున్నారు: తియెర్రా కాలియెంతే అంటే వేడి నేల, తియెర్రా తెంప్లాదా అంటే మితమైన నేల, తియెర్రా ఫ్రియా అంటే చలి నేల. తొమ్మిది వందల మీటర్ల లోపు మొదటిది, అక్కడి నుంచి పద్దెనిమిది వందల దాకా రెండోది, ఆ పైన మూడోది. "ఆ దేశంలో చలా, వేడా" అనే ప్రశ్నకి అక్కడ అర్థం లేదు, "ఆ ఊరు ఎంత ఎత్తు" అని అడగాలి. మెక్సికోలోని వహాకా నగరం, మన హైదరాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి, రెండూ 17 డిగ్రీల దగ్గర. హైదరాబాద్ ఎత్తు ఐదు వందల మీటర్ల పైచిలుకు, వహాకా 1,550. అందుకే అక్కడి డిసెంబర్ రాత్రికి పల్చటి జాకెట్ కావాలి.

ఇంకా పైకి పోతే సమస్య చలితో ఆగదు. పెరూలోని కుస్కో 3,400 మీటర్లు. నేరుగా అక్కడ దిగితే మొదటి రోజు తలనొప్పి, ఆయాసం రావడం చాలామందికి అనుభవమే. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాల్సిన ఊరు అది.

భూమధ్యరేఖకి కింద మరో మెలిక. అర్జెంటీనా, చిలీ, ఉరుగ్వేలలో డిసెంబర్ అంటే ఎండాకాలం. బ్వేనోస్ అయిరేస్‌లో జనవరి మధ్యాహ్నం 30 డిగ్రీలు. బావ అనుకున్న ఎండ సరైనదే, నెల తప్పింది, లేదా గోళార్ధం తప్పింది.

చలికాలం అంటే వాన, వేసవి అంటే వాన లేకపోవడం

కోస్టారికాలో ఎవరినైనా ఇన్‌వియెర్నో ఎప్పుడని అడగండి. డిక్షనరీలో ఆ మాటకి అర్థం చలికాలం. వాళ్లు చెప్పే నెలలు మాత్రం మే నుంచి నవంబర్. వాన పడే కాలమే వాళ్లకి చలికాలం, డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎండే కాలం వేసవి. యూరప్ నుంచి తెచ్చుకున్న మాటలు ఉష్ణమండలంలో అలా స్థిరపడిపోయాయి. మనకి ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడు పేర్లుండటం ఎంత సుఖమో ఇక్కడ తెలుస్తుంది.

మెక్సికో దక్షిణ భాగం, మధ్య అమెరికా, కరీబియన్ దీవులకి స్థూలంగా ఇదే క్యాలెండర్. దీని మీద తుపానుల క్యాలెండర్ ఒకటి. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30, ఉధృతి ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. హరికేన్ అంటే వేరే ఏదో కాదు, బంగాళాఖాతంలో పుట్టి దివిసీమ మీదకో శ్రీకాకుళం మీదకో వచ్చేదే, పేరే వేరు. పసిఫిక్ వైపూ ఇవి వస్తాయి. 2023 అక్టోబర్ 25న ఓటిస్ అనే హరికేన్ మెక్సికోలోని అకాపుల్కో తీరాన్ని అత్యంత తీవ్రమైన ఐదో స్థాయిలో తాకింది. ఒక్క రోజులోనే మామూలు తుపాను నుంచి ఆ స్థాయికి పెరగడంతో ఊరికి సర్దుకునే వ్యవధి దొరకలేదు.

మరి వానల్లో వెళ్లకూడదా? ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండింట్లోనూ బలముంది. చాలాచోట్ల వాన మధ్యాహ్నం దంచి పోతుంది, పొద్దున్నంతా తెరిపి. అడవులు పచ్చగా, గదులు చవగ్గా, జనం పల్చగా ఉంటారని ఒక వాదం. రెండోది, మనం పక్క ఊరి నుంచి పోవడం లేదు, విమానం రద్దయితే అక్కడి అమెరికన్ రెండు గంటల్లో ఇంటికి పోతాడు, మన టికెట్టేమో మూడు విమానాల గొలుసు అని. తొలి ప్రయాణానికి నాకు రెండోదే బరువుగా అనిపిస్తుంది. కాంకూన్ తీరానికైతే ఇంకో చిక్కు. వసంతం నుంచి ఆగస్టు దాకా సర్గాసమ్ అనే సముద్రపు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది. ఫొటోలో నీలి సముద్రం, కాళ్ల కింద గోధుమరంగు నాచు, కుళ్లిన గుడ్డు వాసన.

ఒక దేశపు వీసా ఇంకో దేశపు తలుపు ఎలా తెరుస్తుంది

ఇక మా టెక్సస్ తమ్ముడి మాట. భారత పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, జపాన్, బ్రిటన్, షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దేశాలలో దేనిదైనా చెల్లుబాటులో ఉన్న వీసా ఉంటే అది అక్కర్లేదు, 180 రోజుల లోపు సందర్శనకి వెళ్లొచ్చు. ఎందుకిలా? అమెరికా ఒక మనిషి కాగితాలన్నీ చూసి, కూర్చోబెట్టి అడిగి వీసా ఇచ్చింది, ఆ పనే మళ్లీ చేయడం ఎందుకని మెక్సికో ఆలోచన. పర్యాటకులూ పెరుగుతారు. చాలా లాటిన్ అమెరికా దేశాలు ఇదే దారి పట్టాయి, కానీ ఒక్కొక్కరి షరతు ఒక్కోలా ఉంది. పెరూ 2017 నుంచి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాలను ఒప్పుకుంటోంది, దానికి ఇంకా ఆరు నెలల గడువుండాలి. కొలంబియాకి అమెరికా లేదా షెంగెన్ వీసా, అందులో 180 రోజులు మిగిలుండాలి. అర్జెంటీనా 2025 ఆగస్టులో అమెరికా వీసా ఉన్న భారతీయులకి తలుపు తెరిచింది. కోస్టారికా కూడా అమెరికా వీసా చూస్తుంది గానీ అది ఏ రకం, ఎన్నిసార్లు పోవచ్చన్నది కూడా చూస్తుంది.

"ఉంటే చాలు" అన్న మాటలోని ఆ "ఉంటే" దగ్గరే తంటా. మా ఇంటి పాస్‌పోర్టులే తీసుకోండి. బావకి అమెరికా వీసా ఇంకా నాలుగేళ్లుంది. అక్కది నవంబర్ 20తో ముగుస్తుంది. మేనకోడలికి అసలు లేదు. డిసెంబర్ 12న బయల్దేరితే మెక్సికో బావ ఒక్కడికే తెరుచుకుంటుంది. అక్కది ఆ రోజుకి చెల్లని కాగితం. పోనీ అక్టోబర్‌లోనే పోదామంటే అక్కకి మెక్సికో సరే, పెరూ కొలంబియాలు కావు, ఎందుకంటే ఆరు నెలల గడువు లేదు. ఒకే ఇంట్లో మూడు పాస్‌పోర్టులు, మూడు ప్రపంచ పటాలు.

మిగిలిన ఇద్దరికీ దారులు రెండు. ఒకటి, ఢిల్లీలోని మెక్సికో రాయబార కార్యాలయంలో ఆ దేశపు వీసాకే దరఖాస్తు చేయడం. రెండోది, నానక్‌రామ్‌గూడలో 2023 మార్చిలో తెరిచిన కొత్త అమెరికా కాన్సులేట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోవడం. అక్క ఈ రెండింటి కన్నా ముందు చిలుకూరు పోయి పదకొండు ప్రదక్షిణలు చేద్దామంది. దాని మీద నాకు అభ్యంతరమేమీ లేదు.

స్పెయిన్ దారి వేరు. అది షెంగెన్ కూటమిలో దేశం. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి వీసా రుసుము 90 యూరోలు, సేవా కేంద్రం వాళ్ల రుసుము అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. పారిస్‌లో నాలుగు రాత్రులు, బార్సిలోనాలో ఆరు అయితే దరఖాస్తు స్పెయిన్‌కే. ఎక్కువ రోజులుండే దేశానిదే ఆ పని, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానిది. "ఫలానా దేశం త్వరగా ఇస్తుంది, అక్కడ వేసి ఇక్కడికి పో" అనే సలహా అమీర్‌పేటలో తేలిగ్గానే దొరుకుతుంది గానీ, సరిహద్దులో హోటల్ బుకింగులు చూపించమంటే సమాధానం ఉండదు.

స్పెయిన్ ముందా, మెక్సికో ముందా అని వాదించుకునేవాళ్లు ఉంటారు. స్పెయిన్ ముందనేవాళ్ల లెక్క: షెంగెన్ వీసాని నియమం ప్రకారం వాడుకుంటే అదే తర్వాత పెద్ద తాళంచెవి అవుతుంది. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన పద్ధతిలో, మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా వస్తుంది. దానితో మెక్సికో, పెరూ, కొలంబియా తలుపులన్నీ తెరుచుకుంటాయి. మెక్సికో ముందనేవాళ్లది కూడా కాదనలేని మాటే. హైదరాబాద్‌లో పిల్లలు అమెరికాలో లేని వీధి తక్కువ, పదేళ్ల అమెరికా వీసా చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉంది, దాన్ని వదిలి యూరప్ కాగితాల పోగు ఎందుకు? ఒక్క జాగ్రత్త: తొలిసారి ఇచ్చే షెంగెన్ వీసా చాలావరకు ప్రయాణపు రోజులకే సరిపడా ఇస్తారు. నెల రోజుల వీసాతో ఆ నెలలోనే మెక్సికో పోవచ్చు గానీ, వచ్చే ఏడాదికి దాచుకోలేరు.

అమెరికా వెళ్లిన తల్లిదండ్రులలో ఇంకో నమ్మకం ఉంది. అక్కడ ఉండనిచ్చే ఆరు నెలల గడువు దగ్గరపడితే కాంకూన్ పోయి వస్తే కొత్తగా ఆరు నెలలు ఇస్తారని. ముప్పై రోజుల లోపు మెక్సికో పోయి వస్తే పాత గడువుకే లెక్కేసే అధికారం సరిహద్దు అధికారికి ఉంది. సరదాకి పోతే పోవచ్చు, గడువు కోసం పోతే అది జూదం.

మెక్సికో సరిహద్దు శంషాబాద్‌లో మొదలవుతుంది

హైదరాబాద్ నుంచి ఏ స్పానిష్ దేశానికీ నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో అమెరికా మీదుగానో పోవాలి. దారి మధ్యలో విమానం మారడాన్ని ట్రాన్సిట్ అంటారు, అక్కడే చాలామంది టికెట్ డబ్బు మునుగుతుంది.

మూడేళ్ల కిందట నా స్నేహితుడొకరు ఓ వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా చవకైన టికెట్ చూసి పనామాకి కొన్నాడు. మధ్యలో మయామీలో మూడు గంటలు. "బయటికి పోను కదా, లోపలే కూర్చుంటాను" అనుకున్నాడు. అమెరికాలో ఆ "లోపల" అనేది లేదు. విమానం దిగిన ప్రతివాడూ ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించాల్సిందే. దానికి సందర్శక వీసా అయినా ఉండాలి, ట్రాన్సిట్ వీసా అయినా ఉండాలి. శంషాబాద్ కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు తిప్పి, కంప్యూటర్‌లో ఏదో చూసి, మర్యాదగా పక్కకి నిలబడమంది. ఆమె చూసింది టిమాటిక్ అనే డేటాబేస్. ఏ పాస్‌పోర్టుకి ఏ దేశం ఏం అడుగుతుందో విమాన సంస్థలన్నీ అందులోనే చూసుకుంటాయి. కాగితాలు లేనివాణ్ణి ఎక్కిస్తే జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చు విమాన సంస్థ మీదే పడతాయి కాబట్టి, "వాళ్లు నన్ను నమ్ముతారులే" అనే వాదన అక్కడ చెల్లదు. కెనడా మీదుగా పోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. యూరప్‌లో కొన్ని దేశాలు అడుగుతాయి, కొన్ని అడగవు, ఈ జాబితా మారుతూనే ఉంటుంది. టికెట్ కొనే రోజున ఆ విమానాశ్రయం పేరు పెట్టి విమాన సంస్థని అడగడం ఒక్కటే మార్గం.

దారిలోనూ ఎత్తు వచ్చి అడ్డుపడుతుంది. ఎమిరేట్స్ విమానం 2019 డిసెంబర్ నుంచి దుబాయ్ నుంచి మెక్సికో నగరానికి బార్సిలోనాలో ఆగి పోతోంది. మెక్సికో నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పల్చన. రెక్కలకి పట్టు తక్కువ, ఇంజన్లకి బలం తక్కువ. దుబాయ్ దాకా సరిపడా ఇంధనం నింపుకుని ఆ రన్‌వే మీద నుంచి లేవడం కష్టం. టర్కిష్ వాళ్లు ఇంకో ఉపాయం చేశారు. ఇస్తాంబుల్ నుంచి నేరుగా మెక్సికో నగరం పోయి, తిరుగు ప్రయాణంలో తక్కువ ఇంధనంతో సముద్రమట్టాన ఉన్న కాంకూన్‌కి దిగి, అక్కడ ట్యాంకు నింపుకుని అట్లాంటిక్ దాటుతారు.

ఆరు రోజుల భయం: ఎల్లో ఫీవర్ కార్డు

అక్క తోటికోడలు చెప్పింది పుకారు కాదు. ఎల్లో ఫీవర్ అనే జ్వరం దక్షిణ అమెరికాలో కొన్ని చోట్ల, ఆఫ్రికాలో ఉంది, మన దేశంలో లేదు. కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ మన దగ్గర కావలసినంత ఉంది. డెంగీ తెచ్చేది అదే. ఒక్క రోగి వైరస్‌తో దిగితే, రోగనిరోధకత లేని కోట్ల జనంలో అది పాకుతుందన్నది ప్రభుత్వం భయం. అందుకే ఆ దేశాల నుంచి టీకా కార్డు లేకుండా వచ్చినవాళ్లని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే నియమం.

అన్ని స్పానిష్ దేశాలకీ ఇది లేదు. కొలంబియా, పెరూ, ఈక్వడార్, బొలీవియా, వెనిజులా, పనామా, పరాగ్వే, అర్జెంటీనా జాబితాలో ఉన్నాయి. మెక్సికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, చిలీ, ఉరుగ్వే, కోస్టారికా లేవు. స్పెయిన్ ప్రశ్నే లేదు. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేసి, పసుపురంగు చిన్న పుస్తకం ఇస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. లెక్క ఇలా వేయాలి: డిసెంబర్ 12న ప్రయాణమైతే డిసెంబర్ 2 ఆఖరి రోజు, అదీ ఆ రోజు టీకా దొరికితే. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

డాలర్ గుర్తు చూసి గుండె జారినప్పుడు

మెక్సికోలో హోటల్ మెనూ తీస్తే పప్పన్నం లాంటి సాదా భోజనం ఎదురుగా డాలర్ గుర్తు, 180 అని ఉంటుంది. డాలర్లనుకుంటే పదిహేను వేల రూపాయల పైమాటే. కంగారు అక్కర్లేదు, ఆ గుర్తు పెసోకి కూడా అదే. పెసో సుమారు ఐదు రూపాయలు, అంటే తొమ్మిది వందలు. కొలంబియా, అర్జెంటీనా, చిలీలలోనూ పెసోలే, ఒక్కోదాని విలువ ఒక్కోలా. కొలంబియాలో, స్పెయిన్‌లో చుక్క, కామా కూడా తారుమారు. 20.000 అంటే ఇరవై కాదు, ఇరవై వేలు.

మన క్రెడిట్ కార్డులు చాలావరకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా అదనంగా తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష ఖర్చు పెడితే 3,500, దాని మీద 630, మొత్తం 4,130 రూపాయలు. ఫారెక్స్ కార్డు, తక్కువ రుసుము కార్డు ఈ మొత్తాన్ని తగ్గిస్తాయి. అక్కడి మెషీన్ "రూపాయల్లో కట్టమంటారా" అని ముద్దుగా అడుగుతుంది. ఒప్పుకుంటే మారకపు రేటు వాళ్లది, కాబట్టి స్థానిక కరెన్సీ నొక్కడమే లాభం. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను పేరుతో కొంత ముందే పట్టుకుంటారు. దాని రేటు బడ్జెట్లలో మారుతుంటుంది, కానీ అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది.

తెలుగు నోటికి స్పానిష్ ఎంత దగ్గర

ఇది నాకు బాగా నచ్చిన భాగం. మేనకోడలు ఇంగ్లిషు యాసలో "టాకో" అంటుంటే ఆపి, తెలుగులో రాసుకోమన్నాను. వాళ్లది టకారం కాదు, మన తకారమే: తాకో. డకారం కాదు, దకారం. అచ్చులు ఐదే, రాసినట్టే పలుకుతారు. కాసా అంటే ఇల్లు, ఆగ్వా అంటే నీళ్లు, లిబ్రో అంటే పుస్తకం. చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి, తెలుగువాడి చెవికి ఇంకేం కావాలి. ఎస్పాఞోల్ అనే ఆ భాష పేరులోనే మనం అక్షరమాలలో తప్ప విడిగా పెద్దగా వాడని ఞ ఉంది. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. రెండో దాంట్లో నాలుక ఆడించే తీరు మనం వదిలేసుకున్న బండి ఱని గుర్తు చేస్తుంది.

వ్యాకరణంలో కూడా చుట్టరికం కనిపిస్తుంది. "వెళ్తున్నాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు కదా మనకి. వాళ్లకీ అంతే: బోయ్ అంటే వెళ్తున్నాను, బాస్ అంటే వెళ్తున్నావు, బామోస్ అంటే వెళ్తున్నాం. తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. పెద్దవాళ్లని తూ అంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చిక్కల్లా లింగాల దగ్గరే. టేబుల్ ఆడది, పుస్తకం మగది. హిందీలో కుర్సీ దగ్గర తడబడ్డవాళ్లు ఇక్కడా తడబడతారు. పోర్చుగీసుల ద్వారా మనకి వచ్చిన మేస్త్రి, బొత్తాం అనే మాటలకి స్పానిష్‌లో తోబుట్టువులున్నాయి: మాయెస్త్రో, బోతోన్.

భాష నేర్చుకోవాలా, ఫోన్ చాలా? బార్సిలోనా, కాంకూన్ హోటళ్లలో ఇంగ్లిషు సరిపోతుంది. మెనూ చదవడానికి ఫోన్ అనువాదం చాలు. సిటీ బస్సులో, సంతలో, మందుల షాపులో ఫోన్ పట్టుకుని నిలబడితే వెనకున్నవాళ్లు ఊరుకోరు. అంకెలు వెయ్యి దాకా, మర్యాద మాటలు పది, తిండి మాటలు ఇరవై. ఇంతకు మించి నేర్చుకుంటే అది సంతోషం కోసం.

మాంసం లేదంటే ఏమిటి, గోంగూర ఎక్కడ

తిండి మాటలు ఎందుకంటే, అక్క శాకాహారి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ చాలామందికి కార్నే అంటే పశుమాంసం, కోడి అందులోకి రాదు. మెక్సికోలో చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు, అన్నంలో కోడి రసం ఉండే అవకాశం ఎక్కువ. స్పెయిన్‌లో "వెజిటల్" అని రాసిన శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. తోర్తియా అంటే స్పెయిన్‌లో ఆలుగడ్డ వేసిన ఆమ్లెట్, మెక్సికోలో మొక్కజొన్న రొట్టె. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి రుబ్బి చేస్తారు. జొన్నరొట్టె తిన్న నోటికి అది పరాయిగా అనిపించదు. కారం కూడా. మిరపకాయ పుట్టిల్లు మెక్సికోయే, గుంటూరుకి వచ్చింది పోర్చుగీసుల పడవలెక్కి. మన సపోటా పేరు కూడా అక్కడి నహువాత్ల్ భాష నుంచి స్పానిష్ మీదుగా నడిచి వచ్చిందే.

మెక్సికోలో ప్రతి సందు చివరా పెద్ద గాజు జాడీలో ఎర్రటి చల్లని నీళ్లు అమ్ముతారు. పేరు ఆగ్వా దె హమైకా. ఎండబెట్టిన ఎర్ర గోంగూర కాయల మీది రేకుల్ని మరిగించి, చక్కెర కలిపి చేసేది. పక్క జాడీలో చింతపండు నీళ్లు. ఫొటో గ్రూపులో పెడితే అక్క, "మనం పచ్చడి చేస్తాం, వాళ్లు షర్బత్ చేస్తారు" అంది.

చివరికి మా వాళ్లకి కుదిరింది బావ మొదట చెప్పిన స్పెయినే, కాకపోతే ఆఫ్రికా పక్కన అట్లాంటిక్‌లో ఉన్న దాని కానరీ దీవులు. ముగ్గురికీ షెంగెన్ వీసా చాలు, పసుపు పుస్తకం అక్కర్లేదు, డిసెంబర్ మధ్యాహ్నం 21 డిగ్రీల దగ్గర. స్వెటర్ మాత్రం ఒకటి సర్దుకోక తప్పదని బావకి నెమ్మదిగా చెప్పాం. తెనెరీఫే దీవి మధ్యలో తేయిదే అనే అగ్నిపర్వతం ఉంది, 3,715 మీటర్లు. కింద బీచ్, పైన చలికాలంలో మంచు. మేనకోడలు యాప్‌లో బస్సుకి ఆవుతోబూస్ అని నేర్చుకుంది, అక్కడ దాన్ని గ్వాగ్వా అంటారని తెలిసి రెండు రోజులు అలిగింది. అక్క కోసం తిండి వెతికితే దొరికింది పాపాస్ అర్రుగాదాస్. చిన్న ఆలుగడ్డల్ని తొక్కతోనే ఉప్పునీళ్లలో ముడతలు పడేదాకా ఉడికించి, మోహో అనే ఎర్ర పచ్చడి వేసి ఇస్తారు. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, నూనె, కాస్త వెనిగర్.

బావ వంట వీడియో మొత్తం చూసి ఫోన్ పక్కన పెట్టాడు. "అంటే ఎల్లిపాయ కారంతో ఆలుగడ్డ. దీనికి తొంభై యూరోలా?"